సూది తర్వాత ఏమవుతుంది?

పిల్లలూ,

ఇంజక్షన్ చేశాక ఆ సూదిని ఏం చేస్తారని అడిగారుగా. వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని, వివరంగానే చెబుతాను.

ఆసుపత్రి చెత్తంతా ప్రమాదకరం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 శాతం ఇంటి చెత్తలాంటిదే. మిగతా 15 శాతంలోనే రక్తం అంటిన దూది, సూదులు, రసాయనాలు ఉంటాయి. కానీ రెండూ ఒకే సంచిలో పడితే సంచి మొత్తం ప్రమాదమే. అందుకే చెత్త పుట్టినచోటే, మంచం పక్కనే వేరు చేయాలి. తర్వాత ఎవరో ఏరుతారులే అనుకుంటే, ఆ ఎవరో చెయ్యి పెట్టి వెతకాల్సి వస్తుంది.

ఒకరోజు మా వార్డు ఊడ్చే ఆయమ్మ చెత్తసంచి ఎత్తబోయింది. లోపలి సూది సంచిని చీల్చుకొచ్చి బొటనవేలి మొదట్లో దిగింది. ఆవగింజంత రక్తం. కుళాయి కింద ఆ చెయ్యి పట్టుకుని సబ్బుతో కడిగాను. ఆ సూది ఏ రోగిదో తెలియదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి జబ్బు రాకుండా వేసే టీకా కూడా ఆమెకు ఎవరూ వేయించలేదు. ఆ జబ్బున్నవాళ్ల సూది గుచ్చుకుంటే, టీకా లేనివాళ్లలో నూటికి 30 మందికి దాకా అది సోకవచ్చు. రిపోర్టులన్నీ వచ్చేదాకా ఆమె పడ్డ టెన్షన్ నాకు తెలుసు. చివరికి ఏమీ లేదన్నారు. కానీ సూదిని ఆ సంచిలో వేసింది మాలో ఒకరే.

పద్ధతి కష్టమేం కాదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, అప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది. గట్టి డబ్బాలో వేసి, ముప్పాతిక నిండగానే మూసేయాలి. ఆ తర్వాత ఆటోక్లేవ్ అనే, పెద్ద ప్రెషర్ కుక్కర్‌లాంటి యంత్రంలో 121 డిగ్రీల ఆవిరితో క్రిములను చంపుతారు. వీధి చివర కుప్పపోసి తగలబెడితే మాత్రం ప్లాస్టిక్ నుంచి డయాక్సిన్లనే విషాలు గాలిలో కలుస్తాయి.

చట్టాలు లేవా? ఉన్నాయి. ప్రమాదకర వ్యర్థాలపై 1989లో దేశాల మధ్య కుదిరిన బాసెల్ ఒప్పందం జాబితాలో మొట్టమొదటిది ఆసుపత్రి వ్యర్థమే. అయితే వేగంగా పెరిగే నగరాల్లో సందుసందుకీ క్లినిక్కులు, ల్యాబులు వెలుస్తాయి, చెత్త బండి మాత్రం అక్కడిదాకా రాదు. జరిమానా కంటే ముందు ఆ బండి రోజూ రావాలన్నది నా గట్టి నమ్మకం.

బ్రెజిల్‌లోని గొయానియాలో 1987లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఖాళీ చేసిన ఒక క్లినిక్‌లో క్యాన్సర్ చికిత్స యంత్రాన్ని వదిలేశారు. పాత ఇనుముకు అమ్ముకోవచ్చని ఇద్దరు దాని భాగాలు ఊడదీసి పట్టుకెళ్లారు. లోపల సీసియం-137 అనే, ప్రాణాంతకమైన రేడియేషన్ వెదజల్లే పదార్థం ఉంది. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని వింతగా చూసి, ఒకరికొకరు పంచుకున్నారు. నలుగురు చనిపోయారు, వాళ్లలో ఒక పాపకు ఆరేళ్లు. లక్ష మందికి పైగా జనాన్ని పరీక్షించాల్సి వచ్చింది.

దారిలో సిరంజి కనిపిస్తే ముట్టుకోకండి, పెద్దవాళ్లను పిలవండి. ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటుంటే, ఆ సూదులను మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయించి, ఎక్కడ ఇవ్వాలో డాక్టరుగారిని అడగమనండి. చెత్తబుట్టలో మాత్రం వేయనివ్వకండి. ఆ బుట్ట ఎత్తేవాళ్లకు లోపల ఏముందో తెలియదు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ