డ్రోన్ మనదే, లోపలి బోర్డు ఎవరిది?

ఆపరేషన్ సిందూర్ తర్వాత సైన్యం హడావుడిగా డ్రోన్లు కొంటోంది, దాంతో పాత గొడవ మళ్లీ మొదలైంది. స్వదేశీ అని స్టిక్కర్ వేసిన డ్రోన్ లోపల చైనా సరుకు ఎంత ఉంది, కొనేముందు ఎవరైనా విప్పి చూశారా, అసలు చూడాల్సిన బాధ్యత ఎవరిది? 2025 జూన్‌లో రక్షణ శాఖ అత్యవసర కొనుగోళ్ల కింద 13 ఒప్పందాలు, మొత్తం రూ.1,981.90 కోట్లకు, కుదిరాయని ప్రకటించింది. అందులో డ్రోన్లు, లక్ష్యం మీద చక్కర్లు కొట్టి పడి పేలే లాయిటరింగ్ మ్యూనిషన్లు, శత్రు డ్రోన్లను పసిగట్టి పడగొట్టే పరికరాలు ఉన్నాయి. నెల తిరక్కుండానే, జూలై 16న, త్రివిధ దళాల అధిపతి (సీడీఎస్) జనరల్ అనిల్ చౌహాన్ ఢిల్లీలో ఒక వర్క్‌షాప్‌లో మాట్లాడుతూ కీలకమైన టెక్నాలజీకి బయటి దేశాల మీద ఆధారపడితే మన సన్నద్ధతే దెబ్బతింటుందని హెచ్చరించారు. ఆ వర్క్‌షాప్ పెట్టింది కూడా డ్రోన్లలో ఇప్పటికీ దిగుమతి చేసుకుంటున్న భాగాలను ఇక్కడే ఎలా తయారుచేసుకోవాలన్న విషయం మీదే.

కార్గిల్ తర్వాత ఇజ్రాయెల్ నుంచి తెచ్చిన డ్రోన్లు, గల్వాన్, చైనా యాప్‌ల నిషేధం, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ చిక్కుముడి అంతా పడింది 2022 ఫిబ్రవరి 9న అని నా అభిప్రాయం.

ఆ రోజు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పూర్తిగా తయారై వచ్చేవీ వద్దు, విడదీసి పెట్టెల్లో తెచ్చి ఇక్కడ బిగించేవీ వద్దు. పరిశోధనకీ, రక్షణ, భద్రత అవసరాలకీ అనుమతి తీసుకుంటే మినహాయింపు. ఇంతవరకూ బాగానే ఉంది. దాని పక్కనే ఇంకో మాట ఉంది: డ్రోన్ భాగాల దిగుమతికి ఎలాంటి అనుమతీ అక్కర్లేదు. మర్నాడు పేపర్లన్నీ నిషేధం గురించే రాశాయి, ఈ రెండో మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజుకి అది తప్పు నిర్ణయమని నేను అనను. అప్పటికి మన దగ్గర డ్రోన్ పరిశ్రమ అంటే కొన్ని స్టార్టప్‌లు, నాలుగు కాలేజీ ల్యాబులు. 2021 ఆగస్టులో డ్రోన్ నిబంధనలు సడలించారు, సెప్టెంబరులో రూ.120 కోట్లతో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం పెట్టారు. భాగాలు కూడా ఆపేస్తే ఈ కంపెనీలు మొదలవకుండానే మూతపడేవి. కానీ భాగాలకు తలుపు తెరిచినప్పుడు, పొలంలో మందు కొట్టే డ్రోన్‌కీ సరిహద్దులో తిరిగే డ్రోన్‌కీ తేడా పాటించాలి కదా, సైన్యానికి వెళ్లే దాంట్లో ఏ భాగం ఎక్కడిదై ఉండాలో అప్పుడే రాసిపెట్టాలి కదా. అది జరగలేదు.

నిజానికి అంతకుముందే ఒక అడుగు పడింది. 2020 జూలైలో కేంద్రం సాధారణ ఆర్థిక నిబంధనలు మార్చి, మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల కంపెనీలు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రభుత్వ టెండర్లలో పాల్గొనకూడదని చెప్పింది. అంటే 2020లో చైనా కంపెనీని ఆపారు, 2022లో చైనా డ్రోన్‌ని ఆపారు. డ్రోన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మాత్రం మన కంపెనీ పేరు మీద, మన డ్రోన్ కడుపులో కూర్చుని దర్జాగా వచ్చేసింది.

ఆ బోర్డు అంటే ఏంటో ఒకసారి దగ్గరగా చూశాను. పోయినేడు మా బంధువుల మిరప తోటలో మందు కొట్టడానికి వచ్చిన డ్రోన్ వేప కొమ్మకి తగిలి కింద పడింది. ఆపరేటర్ కుర్రాడు గట్టు మీద తువ్వాలు పరిచి, దాన్ని బోర్లించి మట్టి దులిపి, మళ్లీ తిప్పి పై ప్లేటు మరలు విప్పాడు. పైన మూడు రంగుల స్టిక్కర్, లోపల అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద నల్ల డబ్బా, దాంట్లోంచి నాలుగు వైపులకీ వైర్లు. అదే ఫ్లైట్ కంట్రోలర్, డ్రోన్ మెదడు. చేతుల చివర మోటార్లు, ఒక్కో మోటారు అడుగున చైనా అక్షరాలు, సీరియల్ నంబరు. "ఫ్రేము, ట్యాంకు, వైరింగు మనవే అన్నా, మిగతాది బయట్నుంచే వస్తది" అన్నాడు, తప్పు చేసినట్టు కాదు, మామూలుగా. పురుగు మందు కొట్టే దానికి అది పెద్ద సమస్య కాదు. సైన్యం వాడే చిన్న డ్రోన్లకి భాగాలు వేరే లోకం నుంచి రావు, ఇలాంటి సంత నుంచే వస్తాయి, అక్కడ ఉంది టెన్షన్.

ఇక లెక్కల సంగతి. మన దగ్గర స్వదేశీ అనేది రూపాయల్లో కొలుస్తారు. 2020 రక్షణ కొనుగోలు విధానంలో మొదటి ప్రాధాన్యం ఉన్న కేటగిరీకి, అంటే ఇక్కడే డిజైన్ చేసి ఇక్కడే తయారుచేసిన వాటికి, ఖర్చులో కనీసం 50 శాతం స్వదేశీ ఉంటే చాలు. డ్రోన్ల ప్రోత్సాహక పథకంలో అయితే 40 శాతం విలువ ఇక్కడ కలిస్తే చాలన్నారు. ఉదాహరణకి వంద రూపాయల డ్రోన్‌లో మెదడు ఖరీదు ఐదు రూపాయలు అనుకుందాం. కార్బన్ ఫైబర్ ఫ్రేము, బిగించిన కూలి, కింద నుంచి నడిపే స్టేషన్, మోసుకెళ్లే పెట్టె, ఇవన్నీ కలిపితే 50 దాటడం పెద్ద పనేం కాదు. ఆ ఐదు రూపాయల ముక్క ఎక్కడిదని ఈ లెక్క అడగదు. కానీ డ్రోన్ ఎటు తిరగాలో, ఎవరి మాట వినాలో, సిగ్నల్ పోతే ఎక్కడ దిగాలో చెప్పేది ఆ ముక్కే.

హైదరాబాద్ శివార్లలో తుక్కుగూడ దగ్గర అదానీ ప్లాంట్‌లో తయారైన నిఘా డ్రోన్ దృష్టి-10ని 2024 జనవరిలో నౌకాదళానికి చూపించినప్పుడు కూడా ముందుగా వినిపించింది శాతమే, 70 శాతం స్వదేశీ అని. దాని మూలం ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ వాళ్ల హెర్మెస్ 900. అందులో దాపరికం ఏమీ లేదు, మిత్రదేశంతో కలిసి చేసిన పని. నేను చెప్పేదల్లా, 70 అన్న అంకె విని మిగతా 30లో ఏముందో మనం అడగడం మానేశాం అని.

భద్రత చూసుకునే వాళ్లకి ఈ విషయం ఆలస్యంగా తెలిసిందని అనుకుంటే పొరపాటు. 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో టెండర్లకి ముందు జరిగిన సమావేశాల్లోనే, సరిహద్దు దేశాల భాగాలు ఒప్పుకోమని అధికారులు కంపెనీలకి చెప్పినట్టు ఆ ఏడాది ఆగస్టులో రాయిటర్స్ బయటపెట్టింది. కమ్యూనికేషన్, కెమెరా, రేడియో, నడిపే సాఫ్ట్‌వేర్, ఈ నాలుగింటి మీదే వాళ్ల భయమంతా. సమస్య ఎక్కడుందో అంత కచ్చితంగా తెలుసు. అయినా 2023లోనే వాస్తవాధీన రేఖ వెంబడి సామాన్లు మోయడానికి 400 డ్రోన్లకి ఒప్పందాలు కుదిరాయి, మధ్యస్థ ఎత్తులో ఎగిరేవి 200, బరువైనవి 100, తేలికవి 100. 2025 ఫిబ్రవరిలో వాటిని రద్దు చేసినట్టు వార్తలొచ్చాయి, కారణం చైనా భాగాలే. మొత్తం విలువ రూ.230 కోట్ల పైచిలుకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, కాకపోతే కాలింది డబ్బు ఒక్కటే కాదు, రెండేళ్ల కాలం కూడా. 

రక్షణ శాఖ వైపు వాదన చిన్నదే, అందులో నిజం ఉంది. చైనా భాగాలు వాడబోమని ఒప్పుకుని వాడితే అది మోసం, జవాను ప్రాణంతో చెలగాటం, రద్దు చేయక ఏం చేస్తారు?

కంపెనీల వైపు కథ అంత పొట్టిది కాదు. ఈ రంగంలో పనిచేసే వాళ్లతో మాట్లాడితే అందరూ తిప్పి తిప్పి ఒకే నాలుగు విషయాలు చెబుతారు. మొదటిది ధర. ట్రయల్స్ పాసైన వాళ్లలో తక్కువ కోట్ చేసినవాడికే ఆర్డరు, వాళ్ల భాషలో ఎల్‌1. ఇక్కడ తయారైన కంట్రోలర్, అమెరికా రేడియో, యూరప్ కెమెరా పెట్టినవాడి కొటేషన్, చైనా భాగాలు పెట్టినవాడి కొటేషన్ పక్కపక్కన పెడితే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. నిజాయతీగా ఖర్చు పెట్టినవాడే ఓడిపోతున్నాడు. రెండోది గడువు. అత్యవసర కొనుగోలు అంటే సాధారణంగా ఏడాదిలోపు సరుకు చేతికివ్వాలి, కొత్త బోర్డు డిజైన్ చేసి, మంచులో గాలిలో పరీక్షించి, నమ్మకం కుదిరేసరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మూడోది ట్రయల్స్. ఖర్చంతా కంపెనీదే, లడఖ్ దాకా సొంత డబ్బుతో మోసుకెళ్లి ఎగరేసి చూపించాలి. అక్కడ చూసేది ఎంత ఎత్తు వెళ్లింది, ఎంత బరువు మోసింది, ఎంతసేపు ఆగింది, చలికి బ్యాటరీ ఎలా ఉంది అని. పై ప్లేటు విప్పి చిప్ మీద నంబరు చదవడం, చిప్‌ని నడిపే కోడ్, అంటే లోపలి ఫర్మ్‌వేర్ దింపి చూడటం వేరే విద్య, దానికి వేరే ల్యాబు, వేరే మనుషులు కావాలి.

నాలుగోది, అన్నిటికన్నా కష్టమైనది, అసలు సరుకే దొరక్కపోవడం. 2023 సెప్టెంబరు నుంచి చైనాయే కొన్ని రకాల డ్రోన్ల మీద, ఇంజన్లు, కొన్ని కెమెరాలు, రేడియో పరికరాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల అయస్కాంతాలకీ లైసెన్సు అడగడం మొదలుపెట్టింది. మోటారులో అయస్కాంతం లేకపోతే అది తిరగదు. అలాంటప్పుడు సరుకు మూడో దేశం మీదుగా, కొత్త లేబుల్‌తో వస్తుంది. డబ్బా మీద ఇంకో ఊరి పేరు, లోపల అదే చైనా షెన్‌జెన్ బోర్డు. ఒక చిన్న కంపెనీ కొనుగోలు మేనేజరు దాన్ని ఎలా కనిపెట్టాలి? తెలిసి చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. తెలియక ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకీ వీళ్లకీ తేడా చెప్పగల యంత్రాంగం ప్రభుత్వం పెట్టలేదు.

నిఘా అసలు లేదా అంటే ఉంది, కానీ అది డబ్బు వెంట నడుస్తుంది. అమెరికా నుంచి కొన్న 31 ఎంక్యూ-9బీ డ్రోన్లనే చూడండి, నౌకాదళానికి 15, ఆర్మీకి 8, వాయుసేనకి 8. 2023 జూన్ 15న రక్షణ కొనుగోలు మండలి ఓకే చెప్పింది, ధర మీద రక్షణ శాఖ పది రోజుల్లో వివరణ ఇచ్చింది, ఆ తర్వాత ధర ఎక్కువని ప్రతిపక్షం ప్రెస్‌మీట్ పెట్టింది, 2024 అక్టోబరులో కేబినెట్ కమిటీ ఆమోదం తర్వాత 15న సంతకాలయ్యాయి. ప్రతి మెట్టూ దేశం చూసింది. చిన్న డ్రోన్లకి ఈ మెట్లుండవు. గల్వాన్ తర్వాత ఇచ్చిన అత్యవసర అధికారాల్లో ఒక్కో ఒప్పందానికి రూ.300 కోట్ల దాకా దళాల స్థాయిలోనే తేల్చేయొచ్చు. రద్దయిన ఆ 400 డ్రోన్ల విలువ మొత్తం కలిపినా ఆ గీతకి లోపలే. యుద్ధం ముంచుకొస్తుంటే ఫైలు ఢిల్లీ చుట్టూ తిరగకూడదు, ఆ అధికారం ఉండాల్సిందే. కానీ ఎంత పెద్ద మొత్తమో అంత లోతుగా చూడటం అనే పద్ధతి డ్రోన్లకి పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ ప్రమాదం ఉండేది అతి చౌక ముక్కలో. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ వచ్చేది ఖర్చయిపోయిన తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత.

ఇంకోటి చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మిరప తోటలో పడిన ఆ డ్రోన్ మోడల్‌కి ప్రమాణాలకి తగ్గట్టుందని ఇచ్చే టైప్ సర్టిఫికెట్ కావాలి, సైనిక దళాలు వాడే వాటికి ఆ నిబంధనలు వర్తించవు. వీధి చివర సీసీ కెమెరా అమ్మాలన్నా 2025 ఏప్రిల్ 9 నుంచి దాని హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ ప్రభుత్వం గుర్తించిన ల్యాబులో పరీక్షకి ఇవ్వాలి, అడిగితే సోర్స్ కోడ్ కూడా. చైనా కెమెరాల భయంతోనే తెచ్చారు ఆ రూలు. కంపెనీలు గగ్గోలు పెట్టినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. అంటే ఎలా చేయాలో తెలియక కాదు, కెమెరాకి చేసి చూపించారు కూడా. డ్రోన్లలో చైనా భాగాల్నీ కోడ్‌నీ పట్టుకునే పద్ధతి ఒకటి తయారుచేస్తున్నామని ఆర్మీ డిజైన్ బ్యూరో 2025లో చెప్పింది. 2022లో భాగాలకి తలుపు తెరిచిన రోజే ఆ పని మొదలైతే ఆ 400 డ్రోన్లు ఈపాటికి కొండల మీద ఎగురుతుండేవి.

ఇది మనకి దూరపు గొడవ కాదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ కడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెబుతోంది. అదే జిల్లాలోని డీఆర్‌డీవో రేంజ్‌లో 2025 జూలైలో డ్రోన్ మీద నుంచి వదిలే క్షిపణిని పరీక్షించారు, దాని తయారీలో హైదరాబాద్ భారత్ డైనమిక్స్ ఉంది. రేపు ఓర్వకల్లులో షెడ్డు వేసుకునే కుర్రాళ్లు సొంతంగా కంట్రోలర్ డిజైన్ చేస్తారా, లేక పెట్టెలు తెప్పించి స్టిక్కర్లు అంటిస్తారా అనేది ఇప్పుడు రక్షణ శాఖ రాసే టెండరు షరతుల మీదే ఆధారపడి ఉంది. కీలకమైన నాలుగు భాగాల పేర్లు రాసి, ఒక్కోటి ఎక్కడిదో అడిగి, ల్యాబులో విప్పి చూసి, సొంత బోర్డు పెట్టినవాడికి ధరలో కొంత వెసులుబాటు ఇస్తే వాళ్లు కచ్చితంగా డిజైనే చేస్తారు.

జూన్‌లో వచ్చిన ఆ 13 ఒప్పందాల ప్రకటన మళ్లీ చదివాను. రూ.1,981.90 కోట్లు అని దశాంశాలతో సహా లెక్క ఉంది, పరికరాల జాబితా ఉంది, సమకూర్చుకునేవి పూర్తిగా స్వదేశీవని కూడా ఉంది. ఫ్లైట్ కంట్రోలర్లు ఎక్కడివో, వాటిని ఎవరు విప్పి చూశారో అందులో లేదు.