మందు ఎక్కకముందే వచ్చే వాంతి

కీమోకు, అంటే క్యాన్సర్ మందు ఎక్కించుకోవడానికి, పోయేవాళ్లను అడిగి చూడండి, చాలామంది ఈ మాట చెప్తారు: సూది గుచ్చకముందే, వార్డు తలుపు తీయగానే ఆ స్పిరిట్ వాసనకే కడుపులో తిప్పేస్తుందని. మా చిన్నమ్మకైతే కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కగానే మొదలయ్యేది. "ఊకె టెన్షన్ పడుతున్నవ్" అనేవాళ్లు ఇంట్లో. టెన్షన్ ఒక్కటే కాదది, శరీరం నేర్చుకున్న పాఠం. తిండి పెట్టే మనిషి కనిపిస్తేనే రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలకు నోరూరేది కదా, ఇదీ అంతే. ఆ వాసన, ఆ వెనకాలే మందు, ఆ వెనకాలే వాంతి అని కొన్ని సైకిళ్లలోనే, అంటే మందు ఎక్కించే కొన్ని విడతల్లోనే, మెదడు లంకె పెట్టేసుకుంటుంది. ఒకసారి లంకె పడ్డాక మామూలు వాంతి మాత్రలు అంతగా పనిచేయవు, అందుకే మొదటి సైకిల్ నుంచే వాంతులు రాకుండా చూడమంటారు డాక్టర్లు.

అయితే వాంతిని నేర్చుకున్న శరీరం నిమ్మళాన్ని కూడా నేర్చుకుంటుంది. కండరాలు వదులు చేయడం నేర్పి, ఆ స్థితిలోనే ఆస్పత్రిని కొంచెం కొంచెంగా ఊహించుకోమంటే ఈ ముందస్తు వాంతులు తగ్గాయని అమెరికాలో గ్యారీ మారో అనే పరిశోధకుడి బృందం 1982లోనే చూపించింది.

చిన్నమ్మ పద్ధతి ఇంకా చిన్నది. దీపం పెట్టినంక తులసి గద్దె పక్కన కూర్చొని, కొంగు చివర ముడిని వేళ్లతో తడుముతూ, లోపలికి పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా ఉండేట్టు ఊపిరి తీసేది. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు పోయే వేగస్ నరం గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది, నిమిషానికి ఆరేడు శ్వాసలకు వస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. ఒంట్లో బాగున్న రోజుల్లో ఇంట్లోనే ఇది అలవాటు చేసుకోవాలి. మొదటిసారే వార్డులో మొదలుపెడితే ఆ ముడి కూడా వాంతి లెక్కలో చేరిపోవచ్చు.

తిండి విషయంలో మాత్రం జాగ్రత్త. ఇష్టమని కీమో రోజు సర్వపిండి కట్టుకొని పోకండి. కీమోకు ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ తిన్న పిల్లలు తర్వాత దాన్ని వద్దన్నారని ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు 1978లో గమనించింది. తర్వాత ఇంకో తమాషా చేశారు: అన్నానికీ మందుకీ మధ్యలో ఘాటైన రుచి ఉన్న తీపి బిళ్ల ఇస్తే, తప్పంతా బిళ్ల మీదికి పోయి అన్నం మీద విరక్తి తగ్గింది! పిల్లలకు ఇలా చేయొచ్చా అని మీ డాక్టర్‌నే అడగండి.

వీటితో క్యాన్సర్ గడ్డ కరగదు, మనసు గట్టిగా లేకనే రోగం ముదిరిందని పేషెంట్‌ను నిలదీసే చుట్టాల మాటలు అసలే పట్టించుకోవద్దు. ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోయే రోజుల్లో, అంటే మామూలుగా కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య, మట్టి పనీ పచ్చి పూల పనీ వేరేవాళ్లకు అప్పజెప్పాలి, బతుకమ్మ పేర్చడమైనా సరే. జ్వరం 100.4 డిగ్రీలకు చేరిందా, ఊపిరీ ముడీ పక్కన పెట్టి రాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేయాలి.