ఆయిల్ పంపు, ప్యాకింగులు ఇంటి దగ్గర మార్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

పాలకొల్లు దగ్గర కాలువ గట్టున ఉన్న మా షెడ్డులో 22 ఏళ్లుగా కార్ల ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. సొంత బండి పని సొంతంగా చేసుకోవాలనే ఉత్సాహం ఈ మధ్య మా ప్రాంతపు కుర్రవాళ్లలో బాగా పెరిగింది. భీమవరంలోనో తాడేపల్లిగూడెంలోనో ఆయిల్ పంపు, ప్యాకింగ్ సెట్టు (ఇంజన్ అతుకుల్లోంచి ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పొరలు) కొనుక్కొని, ఫోనులో వీడియో చూసుకుంటూ వాకిట్లోనే పని మొదలుపెడుతున్నారు. అది చేయరాని పని అని నేను అనను. ఓపిక, శుభ్రత, కొలిచే అలవాటు ఉన్నవాడు తప్పకుండా చేయగలడు. కానీ సగం విప్పిన బండిని తాడు కట్టి మా దగ్గరికి లాక్కొచ్చినప్పుడల్లా నాకు కనిపించేది ఒకటే: చెయ్యి తిరగకపోవడం వల్ల కంటే, ఎవరో చెప్పిన మాట నమ్మి విప్పడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

అపోహ: ఆయిల్ లైటు వెలిగితే పంపు పోయినట్టే.

వాస్తవం: ఆ లైటుతో మా దగ్గరికి వచ్చిన బండ్లలో నిజంగా పంపు అరిగినవి తక్కువ. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే నూనె డబ్బా బొమ్మ చాలా బండ్లలో ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని మాత్రమే చెబుతుంది. బ్లాకుకు బిగించిన చిన్న స్విచ్చి ఒకటి, ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ దిగువకు రాగానే దాన్ని వెలిగిస్తుంది. పంపు చేసే పని ఆయిల్‌ను తోయడమే. ప్రెషర్ పుట్టేది ఆ ఆయిల్‌కు ఎదురయ్యే అడ్డు వల్ల. మన కాలువల మీద లాకులను చూడండి. తలుపులు సరిగ్గా మూసుకుంటేనే ఎగువన నీటిమట్టం నిలబడుతుంది. సందుల్లోంచి కారిపోతుంటే పైనుంచి ఎంత వదిలినా మట్టం లేవదు. ఇంజన్‌లో తిరిగే క్రాంక్ ఇరుసును మోసే బేరింగ్ షెల్స్ అరిగి సందు పెరిగిన ఇంజన్ పరిస్థితి సరిగ్గా అదే. దానికి కొత్త పంపు వేస్తే కొన్నాళ్లు కాస్త నయంగా కనిపించి, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో మళ్లీ ఆ లైటే మినుకుమంటుంది.

అందువల్ల విప్పే ముందు కొలవాలి. లైటు వెలగగానే ఇంజన్ ఆపి, మొదట డిప్‌స్టిక్ చూడండి. వెలుగుతున్న లైటుతోనే షెడ్డు దాకా నడిపించుకొస్తే ఆ కొద్ది నిమిషాల్లోనే బేరింగులు దెబ్బతినవచ్చు. ఆయిల్ సరిపడా ఉంటే ఆ స్విచ్చి విప్పి, దాని మరలోనే ప్రెషర్ గేజి బిగించి, ఇంజన్ వేడి మీద ఐడిల్‌లోనూ, 2000 ఆర్‌పీఎమ్ దగ్గరా చదవండి. ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది మెకానిక్కుల పాత లెక్క. అది ఉజ్జాయింపు మాత్రమే, మీ బండి మాన్యువల్‌లోని అంకెదే చివరి మాట. గేజిలో సరైన ప్రెషర్ కనిపిస్తే తప్పు స్విచ్చిదే, దాని ఖర్చు పంపు ఖర్చులో కొంతే. ఐడిల్‌లో తక్కువగా ఉండి, రేజ్ చేస్తే నిలబడితే బేరింగులనో, పలచబడిన ఆయిల్‌నో అనుమానించాలి. ముల్లు వణుకుతూ ఉంటే పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తోందని, అంటే స్ట్రైనర్ (పంపు ఆయిల్‌ను పీల్చుకునే జల్లెడ) గొట్టం మొదట్లో ఉండే రబ్బరు ఓ-రింగు గట్టిపడి ఉండవచ్చని అర్థం. అన్ని వేగాల్లోనూ తక్కువగా ఉన్నప్పుడే స్ట్రైనర్, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వు, ఆ తర్వాత పంపు వంతు వస్తాయి.

అపోహ: చాంబర్‌కు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) సొట్ట పడితే ఏమీ కాదు, కారనంత వరకు పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: చెరువు గట్ల మీద, తూముల మీద, గోతులు పడిన పుంత రోడ్ల మీద తిరిగే మన బండ్లకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఆయిల్ పీల్చే స్ట్రైనర్ మూతి చాంబర్ అడుగుకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. రేకు చాంబర్ రాయికి తగిలి లోపలికి నొక్కుకుంటే అది ఆ మూతిని దాదాపు మూసేస్తుంది. ఆకివీడు వైపు నుంచి చేపల మేత తోలే వ్యాను ఒకటి, వేరేచోట రెండుసార్లు పంపు మార్పించుకొని, అదే లైటుతో మా దగ్గరికి వచ్చింది. చాంబర్ విప్పి, స్ట్రైనర్ మూతికి చిన్న మైదా ముద్ద అంటించి, అదే చాంబర్‌ను మళ్లీ పట్టి నొక్కి తీశాను. ముద్ద రెండు మిల్లీమీటర్ల మందానికి అణిగిపోయింది. కొత్త చాంబర్‌తో అదే పరీక్ష చేస్తే 8 మిల్లీమీటర్ల దగ్గర నిలిచింది. ముద్దను పూర్తిగా తుడిచి, కొత్త చాంబర్ బిగించాక ఆ లైటు మళ్లీ వెలగలేదు. పంపులకు పెట్టిన డబ్బు గురించి ఆ బండి యజమాని ముఖం చూసి నాకు చాలా బాధ కలిగింది.

అపోహ: సిలికాన్ పేస్టు ఎంత దట్టంగా పూస్తే అంత గట్టిగా ఆయిల్ ఆగుతుంది.

వాస్తవం: దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనిలో చేరిన మొదటి ఏడాది నేనే ఈ తప్పు చేశాను. చాంబర్ అంచు పొడవునా వేలెడు లావున పేస్టు పెట్టి బిగించాను. బయటికి పొంగినదాన్ని నీట్‌గా తుడిచాను కానీ, అంతే పేస్టు లోపలికీ పొంగుతుందన్న ఆలోచన రాలేదు. నెల తిరగకుండా ఆ బండి లైటుతో వచ్చింది. మా మేస్త్రీ చాంబర్ నాచేతే విప్పించి, స్ట్రైనర్‌ను వెలుతురులో పట్టి చూపించాడు: జల్లెడ కన్నాల నిండా బూడిదరంగు రబ్బరు పోగులు చిక్కుకొని ఉన్నాయి, వేలితో లాగితే ఒక్కొక్కటే సాగి ఊడి వచ్చాయి. ఆ పోగులు నేను పూసిన పేస్టువే.

పేస్టు వేయమని మాన్యువల్ చెప్పిన చోట సుమారు 3 మిల్లీమీటర్ల లావు తీగలా, తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా వేస్తే సరిపోతుంది. అచ్చుపోసిన రబ్బరు ప్యాకింగు ఉన్న చోట పేస్టు అవసరం లేదు. టైమింగ్ కవరూ బ్లాకూ కలిసే మూలల్లో మాత్రం చిటికెడంత పెట్టాలి. ట్యూబు మీద రాసిన ఆరే సమయం పూర్తయ్యాకే ఆయిల్ పోయాలి. సాయంత్రానికి బండి కావాలన్న తొందర ఉన్న రోజున ఈ పని మొదలుపెట్టకండి.

పేస్టు కంటే ముఖ్యమైనది పాత ప్యాకింగును గీకే విధానం. అల్యూమినియం మెత్తని లోహం. స్క్రూడ్రైవరుతో ఒక్క గీత పడినా ఆ గీత వెంట ఆయిల్ చెమ్మగా దిగుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ గీకుడు బిళ్ల గానీ, చెక్క పేడు గానీ వాడి, నిదానంగా గీకి, నూనె జిడ్డు పూర్తిగా పోయేలా తుడవాలి. ఎమెరీ పేపరు పట్టవద్దు. దాని పొడి ఇంజన్ లోపల పడితే నేరుగా బేరింగులకు చేరుతుంది. కడగడానికి పెట్రోలు అసలే వద్దు. ఒక నిప్పురవ్వ చాలు.

అపోహ: బోల్టు ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: చాంబర్‌కు సాధారణంగా ఉండే 10 నంబరు స్పానర్ బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల పరిసరాల్లో బిగింపు చాలు. అంతకు మించి బిగిస్తే రేకు అంచు వంగుతుంది, లేదా అల్యూమినియం మరలు ఊడి వస్తాయి. బిగింపును కొలిచే టార్క్ రెంచి లేనివారు అరువు తెచ్చుకోవాలి.

అపోహ: కొత్త పంపును డబ్బాలోంచి తీసి బిగించేయడమే.

వాస్తవం: పొడిగా ఉన్న పంపు ఆయిల్‌ను పైకి లాగలేకపోవచ్చు. లోపల తిరిగే రోటర్లకు ఇంజన్ ఆయిల్ గానీ, తెల్లని వాసలిన్ గానీ పట్టించి బిగించాలి, గ్రీజు వాడకూడదు. కొత్త ఫిల్టరును వీలైతే ఆయిల్‌తో నింపి పెట్టి, ఇంజన్ స్టార్టు కాకుండా ఇంధనం ఆపి, సెల్ఫ్‌ను కొద్దికొద్దిసేపు తిప్పుతూ లైటు ఆరిపోయేదాకా చూసి, అప్పుడే స్టార్టు చేయాలి. పాత మారుతీ 800 వంటి చిన్న కార్లలో పంపు క్రాంక్ ముందు కొసనే, టైమింగ్ బెల్టు వెనకాల ఉంటుంది. అంటే పంపు మార్చడమంటే, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే ఆ టైమింగ్ బెల్టును విప్పడమే. గుర్తులు సరిచూసుకోకుండా ఒక పన్ను తేడాతో బిగిస్తే బండి సరిగా నడవదు. కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్కులు చదవడం రానివారు అక్కడ ఆగి, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. క్రాంక్ ఆయిల్ సీలు కూడా ఎలాగూ చేతికి వచ్చింది కనుక అప్పుడే మార్చండి.

అపోహ: ప్యాకింగ్ సెట్టు మొత్తం ఉంది కదా, హెడ్ (సిలిండర్ల పై మూత) ప్యాకింగు కూడా మార్చేద్దాం.

వాస్తవం: నీళ్లు తగ్గడం, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారడం, పొగ వంటి లక్షణాలేవీ లేకుండా హెడ్ విప్పవద్దు. చాలా కొత్త ఇంజన్ల హెడ్ బోల్టులు ఒకసారి సాగేలా బిగించినవి, వాటిని తిరిగి వాడకూడదు.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెషర్ నిలబడుతుంది.

వాస్తవం: గేజిలో అంకె పెరుగుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. బయట ఎంత ఎండ ఉన్నా, వేడెక్కిన ఇంజన్ తన నీళ్లను 90 డిగ్రీల పరిసరాల్లోనే ఉంచుకుంటుంది. 5డబ్ల్యూ-30 అనే పలచటి రకం చెప్పిన ఇంజన్‌కు చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే సన్నని దారుల్లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

అపోహ: వరద నీళ్లు ఎక్కిన బండికి ఆయిల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: 2022 జూలై గోదావరి వరద తర్వాత లంక గ్రామాల నుంచి వచ్చిన బండ్లలో, సెల్ఫ్ కొట్టి చూసినవాటికీ, ముట్టుకోకుండా తెచ్చినవాటికీ తేడా చాలా స్పష్టంగా చూశాను. ఇంజన్ లోపలికి నీళ్లు వెళ్లాయన్న అనుమానం ఉంటే తాళం తిప్పవద్దు. నీటితో వచ్చిన సన్నని ఒండ్రు చాంబర్ అడుగున పేరుకుంటుంది, పంపు తిరిగిన వెంటనే అది రోటర్లను గీరేస్తుంది. చాంబర్ దించి, స్ట్రైనర్ కడిగి, ఒండ్రు పూర్తిగా తీశాకే కొత్త ఆయిల్ పోయాలి.

అపోహ: జాకీ కింద రెండు ఇటుకలు పెడితే బండి నిలబడుతుంది.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ సర్దుకుపోను. మన నల్లరేగడి నేల తొలకరి తర్వాత పైకి ఆరినట్టే కనిపించి, లోపల మెత్తగా ఉంటుంది. జాకీ ఒక పక్కకు దిగబడటానికి అరగంట చాలు. ఇటుకైనా, సిమెంటు దిమ్మైనా చెప్పకుండా పగిలిపోతుంది. సిమెంటు గచ్చు మీద మాత్రమే, తూకానికి తగిన ఇనుప స్టాండ్ల మీద బండిని దించి, చక్రాలకు అడ్డు పెట్టి, గట్టిగా ఊపి చూసిన తర్వాతే కిందికి దూరండి. ఇంట్లో ఒకరికి చెప్పి దూరండి.

అపోహ: తీసిన ఆయిల్‌ను గట్టు కింద పారబోస్తే మట్టిలో ఇంకిపోతుంది.

వాస్తవం: ఒక చిన్న కారులోంచి సుమారు 3 లీటర్ల నల్ల ఆయిల్ దిగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మన మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ గట్టు పక్కన పారే నీటితోనే. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం; అది చేతులకు పదే పదే అంటితే చర్మానికి హానికరం కూడా, కనుక గ్లౌజులు వేసుకోండి. ఆ ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే తిరిగి పోసి, మూత బిగించి, నీళ్లు కలవకుండా ఉంచి, వేస్ట్ ఆయిల్‌ను అనుమతి ఉన్నవారికి అప్పగించే షెడ్డులో ఇచ్చేయండి. మా షెడ్డు వెనకాల దాని కోసమే మూత ఉన్న పీపా ఒకటి ఉంచాను. బండి పని మా దగ్గర చేయించుకోనివారు తెచ్చినా తీసుకుంటాను.