ఎడమ మణికట్టులో దాగిన వయసు: ఆటల ఊరి అపరాధ కథకు వెనకున్న చరిత్ర

తిరుపతి శివార్లలో అపరాధ పరిశోధన కథ రాయబోయేవాళ్లు ముందు శవం కోసం వెతుకుతారు. ఎర్రచందనం అడవి దగ్గరే ఉంది, కొండ కింద లెక్కలేనన్ని లాడ్జీలున్నాయి, రేణిగుంట జంక్షన్‌లో అర్ధరాత్రి కూడా రైళ్లు ఆగుతాయి. వాతావరణానికి కొదవేం లేదు. కానీ తెల్లారకముందే పిల్లాణ్ణి, కిట్ బ్యాగునూ బండెక్కించి గ్రౌండుకు తెచ్చే కాలనీల్లో ఇంటిల్లిపాదీ కలిసి దాచే రహస్యం వేరే ఉంటుంది: వాడు అసలు ఎప్పుడు పుట్టాడన్నది.

ఈ ఊరికి గుట్టు లాగడం కొత్త కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర కథే అది. గంగమ్మకు భయపడి పాలెగాడు దాక్కున్నాడు. గంగమ్మ రోజుకో వేషం కట్టి వెతికింది. దొర వేషం చూసి, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటపడ్డాడు. అచ్చులోకి వచ్చేసరికి తెలుగు డిటెక్టివ్ ఇలాంటి ఊళ్లను వదిలేశాడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అసిస్టెంటు రాజు మద్రాసు రోడ్ల మీద తిరిగిన మనుషులు. అద్దెకు తెచ్చుకుని, రాత్రికి రాత్రి చదివి, పొద్దున్నే తిరిగిచ్చేసిన ఆ తరహా నవలల్లో నేరం ఎక్కువగా బంగళాల్లో, క్లబ్బుల్లో జరిగేది. బడి అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని కూర్చునే డిటెక్టివ్ మనకు అరుదు. శివారు కథకు కావాల్సింది మాత్రం అతనే.

ఆ రిజిస్టరు సంగతి చూద్దాం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం కాన్పయిన 21 రోజుల్లో కబురు చెప్పాలి. 30 రోజుల దాకా ఆలస్య రుసుము కట్టాలి. ఏడాది లోపైతే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన చాలామందికి ఇవేవీ జరగలేదు. బడిలో వేసిన రోజున అయ్యవారు రాసిందే పుట్టినరోజు. పిల్లాడి కుడిచేయి తల మీదుగా ఎడమ చెవికి అందిందా, ఐదేళ్లు నిండినట్టు లెక్క. బళ్లు తెరిచే రోజుల్ని బట్టి జూన్ 1 అనో, జూలై 1 అనో వేసేవాళ్లు. అదే తేదీ టీసీలోకి, అక్కణ్ణుంచి పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, ఆపైన సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది.

అందులో మోసం లేదు. కానీ తన పుట్టినరోజే ఉత్తుత్తిదైన తండ్రికి కొడుకు తేదీని రెండేళ్లు జరపడం పెద్ద తప్పుగా తోచదు. ఈ కథల్లో తండ్రిని దుర్మార్గుడిగా చూపించినవాళ్లు సగం కథ పోగొట్టుకున్నట్టే.

జరపాలని ఎందుకనిపిస్తుంది? స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 అని మెట్లు. బీసీసీఐ వయసు టోర్నీలకు సెప్టెంబరు 1 గీత. ఆగస్టు 31న పుట్టినవాడు, మర్నాడు పుట్టినవాడు ఒక్క రోజు తేడాతో వేర్వేరు ఏళ్ల లెక్కలోకి పోతారు. పద్నాలుగేళ్లప్పుడు ఏడాదంటే భుజం, మీసం, బంతి వేగం. కెనడా ఐస్ హాకీలో జనవరి గీతకు దగ్గరగా, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే జట్లలో ఎక్కువగా ఉన్నారని 1980లలోనే పరిశోధకులు లెక్కేసి చూపించారు. అక్కడ అది తేదీల యాదృచ్ఛికం, ఇక్కడ జిరాక్స్ షాపు పని. పైగా స్పోర్ట్స్ కోటా సీటు, ఉద్యోగం ఎదురుగా కనిపిస్తుంటాయి.

దీన్ని పట్టుకోవడానికి బీసీసీఐ 2012లో టీడబ్ల్యూ3 అనే, చేతి ఎముకల ఎక్స్‌రేతో వయసు అంచనా వేసే పద్ధతి తెచ్చింది. చాలామంది రచయితలు బోల్తా పడేది ఇక్కడే. వాళ్ల కథల్లో ఎక్స్‌రే తీయగానే డాక్టరు తలెత్తి ‘వీడికి పంతొమ్మిదేళ్లు’ అంటాడు. అలా ఎవరూ అనలేరు. ఎడమ చేతిని అరచెయ్యి కిందికి పెట్టించి, వేళ్లు కాస్త విడదీసి ఒక్క ఎక్స్‌రే తీస్తారు. చూసేది 13 ఎముకలు: ముంజేతివి రెండు, బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు వరుసల్లోవి పదకొండు. ఎముక చివర పెరుగుదల జరిగే చోట మృదులాస్థి ఉంటుంది. ఎక్స్‌రేలో అది నల్లటి సందులా కనబడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ సందు సన్నబడి పూడిపోతుంది. ఒక్కో ఎముకకూ దశను బట్టి మార్కులు వేసి, కూడి, పట్టికలో వయసు చూస్తారు. మొత్తం వెయ్యికి చేరితే మగపిల్లలకు 16.5, ఆడపిల్లలకు 15. అండర్ 16 అబ్బాయిల పరీక్షకు ఆ 16.5 హద్దు అక్కణ్ణుంచే వచ్చింది.

వెయ్యికి చేరాక ఈ పద్ధతికి చెప్పడానికేమీ మిగలదు. పదిహేడేళ్లవాడిదైనా ఇరవై రెండేళ్లవాడిదైనా పూడిపోయిన ఎముక ఒకేలా ఉంటుంది. అండర్ 19 మోసాన్ని దీనితో పట్టించిన కథ అక్కడే చెడుతుంది. ఇంకో చిక్కు ఉంది. తిండి చాలని పిల్లాడికి, థైరాయిడ్ తక్కువైనవాడికి ఎముక వయసు వెనకబడుతుంది. ఈడు ముందే వచ్చినవాడికి ముందుకు పరిగెడుతుంది. అంటే నిజాయితీపరుడు ఫెయిలై దొంగ పాసవడం జరగగల పని. వయసు నిర్ధారణ పరీక్షలో అటూ ఇటూ రెండేళ్ల తేడా ఉండొచ్చని సుప్రీంకోర్టు 1982లోనే అంది. ఫిఫా అండర్ 17 ప్రపంచకప్‌కు 2009 నుంచి మణికట్టు ఎమ్మారై వాడుతోంది. రేడియేషన్ లేదు, అయినా అదీ తేదీ చెప్పదు.

అందుకని అసలు పని కాగితాల దగ్గరే. కాన్పు ఎక్కడ జరిగితే నమోదు అక్కడ. తిరుపతి పక్కనున్న పేరూరు పిల్లాడు తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో పుట్టి ఉంటే, పంచాయతీ ఇచ్చిన సర్టిఫికెట్ చేతిలో ఉండటమే ఒక ప్రశ్న. నమోదు తేదీ పుట్టిన తేదీకి పదేళ్ల తర్వాతది, జిల్లా సెలక్షన్లకు నెల ముందుది అయితే అది రెండో ప్రశ్న. ఇక ముద్రలు. తిరుపతి 2007లోనే కార్పొరేషన్ అయింది. 2004లో ఇచ్చినట్టున్న కాగితం మీద కార్పొరేషన్ ముద్ర ఉండకూడదు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. 2013లో జారీ అయినట్టున్న సర్టిఫికెట్‌లో ‘తిరుపతి జిల్లా’ అని ఉంటే, తయారుచేసినవాడు ఊరిమీది అభిమానంతో చిక్కాడన్నమాట. చూడాల్సింది జారీ తేదీని. అసలు రికార్డు నుంచే ఈమధ్య మళ్లీ తీసుకున్న కాపీలో కొత్త జిల్లా పేరు ఉండొచ్చు.

కాగితం తిరుగులేనిదైతే ఇంట్లోకి వెళ్లాలి. పెద్దాడి తేదీని రెండేళ్లు ముందుకు జరిపినవాళ్లు చిన్నాడి సంగతి మర్చిపోతారు. అన్నదమ్ములు కవలలు కారు, తేడా చూస్తే ఐదు నెలలు! టీకా కార్డు, రేషన్ కార్డు పక్కపక్కన పెడితే చాలు, ఎక్స్‌రే అక్కర్లేదు. ఈ ప్రాంతంలో ఇంకొకటి తప్పకుండా దొరుకుతుంది: కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించినప్పటి ఫొటో. గుండుకు గంధం, పక్కన మేనమామ, వెనక గోపురం. ఏడాదైనా నిండనట్టు కాగితం చెబుతున్న పిల్లాడు ఫొటోలో చెప్పులేసుకుని నిలబడి ఉంటాడు. అది కోర్టులో నిలవదు. కానీ ఎక్కడ తవ్వాలో చెబుతుంది.

కాలం కూడా కథకు కలిసొస్తుంది. 2020 ఆగస్టులో బీసీసీఐ ఒక వెసులుబాటు ప్రకటించింది: తేదీ మార్చుకున్నామని తమంతట తాము ఒప్పుకున్న ఆటగాళ్లపై సస్పెన్షన్ ఉండదు, అసలు వయసుకు తగ్గ స్థాయిలో ఆడనిస్తారు. గడువు సెప్టెంబరు 15. ఒప్పుకోకుండా పట్టుబడితే రెండేళ్ల నిషేధం. కోవిడ్ రోజులు. కుర్రాడి చేతిలో సంతకం చేసిన ఉత్తరం ఉంది. అది బీసీసీఐకి వెళితే అలాగే మార్చిన తేదీలతో సెలక్టయిన మిగతా పిల్లల ఫైళ్లూ, వాటిని దిద్దిన చేతులూ బయటికొస్తాయి. ఆ ఆరు వారాల్లో ఎవరైనా చస్తే హంతకుణ్ణి వెతకడానికి అడవి దాకా పోనక్కర్లేదు.

కేసు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. 2024 జూలై 1కి ముందు చేసిన ఫోర్జరీకి ఐపీసీ 468, 471 సెక్షన్లే పడతాయి. ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితవి రాస్తే తప్పు.

ఆ కుర్రాడే నిందితుడైతే ముడి ఇంకా బిగుస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం (జువెనైల్ జస్టిస్ యాక్ట్) 94వ సెక్షన్ ముందు బడి సర్టిఫికెట్ అడుగుతుంది. అది లేకపోతేనే పంచాయతీదో మున్సిపాలిటీదో జనన పత్రం, రెండూ లేకపోతేనే ఎముక పరీక్ష. కాగితం మీద పదహారు నిండనివాడు ఎంత ఘోరం చేసినా పెద్దల కోర్టుకు పోడు. నిజానికి వాడికి పద్దెనిమిది దాటింది. ఆ సంగతి తెలిసిన మనిషి తల్లి ఒక్కతే. జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడ్డ ఆమెను ఇప్పుడు డిటెక్టివ్ అడగాల్సింది ఒక్కటే: గుండు గీయించిన ఏడాది ఏదమ్మా?