కౌన్సిలర్ అనుకుంటే అయిపోతుందా? వార్డు పని మీద అపోహలు - వాస్తవాలు

మా గేటు బయట ఎన్ని జతల చెప్పులున్నాయో చూస్తే చాలు, ఆ రోజు కుళాయి వచ్చిందో రాలేదో చెప్పేసేదాన్ని. రెండు దఫాలు ఒక మున్సిపాలిటీలో వార్డు కౌన్సిలర్‌గా చేశాను. (కార్పొరేషన్‌లో అయితే ఇదే పదవిని కార్పొరేటర్ అంటారు.) వచ్చినవాళ్లలో సగం మంది నా చేతిలో లేని పని అడిగేవారు. నా చేతిలో నిజంగా ఉన్న పని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాటలు ఇవి.

అపోహ: "మీరు ఒక్క మాటంటే రోడ్డు పడిపోతుంది."

పడదండీ. ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలతలు తీసుకుని ఎస్టిమేట్ వేయాలి. దానికి సాంకేతిక మంజూరు రావాలి. అజెండాలోకి ఎక్కాలి, కౌన్సిల్‌లో తీర్మానం కావాలి, టెండరు పిలవాలి. పాత బిల్లులు రాలేదని టెండరుకు ఒక్క కాంట్రాక్టరూ రాని సందర్భాలు చూశాను. పని అయ్యాక కొలతలు ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కితేనే బిల్లు. ఆర్డరు ఇచ్చేది కమిషనరు, పని చేయించేది ఇంజనీరింగ్ విభాగం. కౌన్సిలర్ మాట మీద ఒక్క తట్ట కంకర కూడా కదలదు.

మరి కౌన్సిలర్ ఎందుకు? అజెండా చదవడానికి. నవ్వకండి. మీటింగుకు ముందు ఇంటికి ఒక కాగితాల కట్ట వస్తుంది. ఒక్కో నెల అరవై, డెబ్బై అంశాలుంటాయి. సభలో నంబర్లు చదువుకుంటూ పోతారు, "ఆమోదం, ఆమోదం" అంటుండగానే గంటలో అయిపోతుంది. ఆ కట్ట ఎవరూ విప్పకపోతే ఏమవుతుందో మొదటి ఏడాదే తెలిసింది. మా వార్డులో ఒక సందుకు సైడు కాలువ 120 మీటర్లని ఎస్టిమేట్‌లో ఉంది. రోజూ నడిచే సందు అది, అంత పొడుగు లేదని నా కాళ్లకే తెలుసు. నేనూ మా అబ్బాయీ టేపు పట్టుకుని కొలిస్తే 84 వచ్చింది. సభలో లేచి అడిగితే "టైపింగ్ పొరపాటు" అన్నారు. కావచ్చు. అంశం వాయిదా పడి, మరుసటి నెల 84తో తిరిగొచ్చింది. నేను చేసిన పనుల్లో నాకు బాగా గుర్తున్నది అదే. దానికి శిలాఫలకం లేదు.

అపోహ: "మీకూ ఫండ్ ఉంటుంది కదా, దాంట్లోంచి ఇవ్వండి."

ఎంపీకి ఉంటుంది, ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసుకోవచ్చు. కౌన్సిలర్‌కు చట్టంలో అలాంటి ఖాతా ఏదీ లేదు. నాకు వచ్చింది గౌరవ వేతనం, అది జీతమని చెప్పుకునేంత కాదు. వార్డులో ఖర్చయ్యేది మున్సిపాలిటీ డబ్బు. అందులో సిబ్బంది జీతాలు, వీధి దీపాల, నీటి మోటార్ల కరెంటు బిల్లులు ముందే కోసుకుపోతాయి. పైనుంచి వచ్చే డబ్బుకూ ముడులుంటాయి. కేంద్రం డబ్బు ఎవరికెంతో చెప్పే 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యాలకే కేటాయించింది. "డబ్బులొచ్చాయట, కమ్యూనిటీ హాలు కట్టించండి" అని ఓ పెద్దాయన రెండేళ్లు నామీద అలిగారు. ఆ డబ్బుతో హాలు కట్టకూడదని ఎంత చెప్పినా నమ్మలేదు. ఇప్పటికీ ఎదురైతే తల తిప్పుకుంటారు.

అపోహ: "ఊళ్లో ఏ పనైనా కౌన్సిలర్‌దే."

మున్సిపాలిటీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి: రోడ్లు, నీళ్లు, చెత్త, పార్కులు, శ్మశానాలు, జనన మరణాల నమోదు, వీధి దీపాలు వగైరా. పోలీసు కేసు అందులో లేదు, రేషన్ కార్డు లేదు, ఇంటి కరెంటు లేదు. ఆ 18 కూడా రాష్ట్రం ఎంత బదలాయిస్తే అంతే.

వీధి దీపం సంగతి తమాషాగా ఉంటుంది. స్తంభం కరెంటు సంస్థది, దానికి వేలాడే లైటు మాది. లైటు వెలగకపోతే మా మనిషి వస్తాడు, తీగ తెగితే లైన్‌మన్ రావాలి. చీకట్లో నిలబడ్డవాళ్లకు ఈ తేడా ఎందుకు తెలియాలి? అందుకే ఇద్దరి నంబర్లూ కాగితం మీద రాసి గేటు పక్కన అంటించాను. నా ఫోన్లు బాగా తగ్గాయి.

అపోహ: "ఆడ కౌన్సిలర్లు పేరుకే, మాట్లాడాల్సింది వాళ్లాయనతో."

దీన్ని అపోహ అని కొట్టిపారేస్తే నేను అబద్ధం చెప్పినట్టే. మొదటి ఆరు నెలలు మా ఇంట్లోనూ అదే జరిగింది. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లివ్వాలని రాజ్యాంగం అంటే, మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని సగం చేశాయి. మా వార్డు అలా మహిళకు రిజర్వయితే నేను నిలబడ్డాను. గెలిచాక కూడా గేటు దగ్గర "సార్ ఉన్నారా?" అనే అడిగేవారు. ఆఫీసులో ఆయనకు కుర్చీ వేసేవారు, నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసేది కాదు. ఆయనా కూర్చునేవారు, నేనూ ఊరుకునేదాన్ని.

ఓ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "మీ వార్డులో కొత్త పైపులైను వేస్తున్నారట" అన్నారు. ఎక్కడ అని అడిగితే చెప్పారు. అది నీళ్లు బాగానే వస్తున్న వీధి. ఎండాకాలం బిందెలతో కొట్టుకునేది దాని వెనక వీధి. నీళ్లు పట్టేది నేను, ఆ తేడా నాకు తెలుసు. ఇంజనీరుతో మాట్లాడింది ఆయన, ఆ తేడా ఆయనకు తెలియదు. మర్నాడు నేనే వెళ్లాను, ఆ తర్వాత ఎప్పుడూ నేనే వెళ్లాను. కౌన్సిల్ హాల్లో సభ్యుల కుర్చీల్లో కూర్చునే హక్కు మొగుళ్లకు లేదు. అది చట్టమే చెబుతోంది, మనం గుర్తుచేస్తే చాలు. "సార్ ఉన్నారా?" అన్నవాళ్లకు మా ఆయనే "కౌన్సిలర్ లోపలుంది, నేను కూరగాయలకు వెళ్తున్నా" అనడం మొదలుపెట్టారు.

అపోహ: "డ్రైనేజీ పొంగుతోంది, ఓ మనిషిని దింపితే పది నిమిషాల పని."

దింపను. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరు ఎంత గట్టిగా అరిచినా మాట మార్చలేదు. మనుషులతో మలమూత్రాలు ఎత్తించడం నేరమని 2013 చట్టం చెబుతోంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లో దించడమూ నేరమే. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లోపల పేరుకున్న వాయువుకు రంగు ఉండదు, కొన్నిసార్లు ఆ వాసనను ముక్కు కూడా పట్టలేదు. ఒకడు పడిపోతే వాణ్ని లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు. నీళ్లు జోరుగా కొట్టి కాలువ శుభ్రం చేసే జెట్టింగ్ మిషన్ మరో వార్డులో ఉంటే సాయంత్రం దాకా కంపు భరించాలి. భరిద్దాం. "డబ్బులిస్తాం, మేమే ఎవర్నో తెచ్చుకుంటాం" అన్న వీధివాళ్లకు చెప్పాను, అలా తెచ్చుకుంటే ఫిర్యాదు చేసేది నేనేనని. ఆ తర్వాతి ఎన్నికల్లో ఆ వీధి నాకు ఓటెయ్యలేదనుకుంటా.

అపోహ: "ఇల్లు కట్టాలంటే ముందు కౌన్సిలర్‌ని కలవాలి."

అక్కర్లేదు. ప్లాను అనుమతిలో కౌన్సిలర్ సంతకానికి చోటే లేదు. తెలంగాణలోనైతే 2020 నాటి చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో పైన ఒక్క అంతస్తు దాకా కట్టుకుంటే అనుమతే అవసరం లేదు, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే సరిపోతుంది. "కలిసి వెళ్లండి" అని ఎవరైనా కబురు పెడితే ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు.

అపోహ: "కుక్కల్ని పట్టించి ఊరవతల వదిలేయించండి."

వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టిన చోటే వదలాలన్నది 2023 నిబంధన. బడులు, ఆస్పత్రుల వంటి ప్రాంగణాలకు సుప్రీంకోర్టు తర్వాత వేరే ఆదేశాలిచ్చింది. మీ వీధికైతే నేను అడగగలిగేది ఆపరేషన్లు ఎన్ని అయ్యాయో, ఎన్ని కాలేదో.

అపోహ: "ఫోన్ చేసి చెప్పా కదా, ఇంకా అర్జీ ఎందుకు?"

ఫోన్ నాకు గుర్తుండాలి, అర్జీ ఆఫీసుకు గుర్తుంటుంది. రెండు వాక్యాలు రాసి, స్తంభం నంబరో ఇంటి నంబరో వేసి, ఆఫీసులో అర్జీలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు నంబరుంటే సభలో నేను అడగొచ్చు. నేను అడగకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మీరే అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. "వీధంతా చీకటండీ" అంటే నేనేం అడగను?

మా వార్డు చివరి వీధిలో రిటైరైన మాస్టారు ఒకరుండేవారు. "నీళ్లు సరిగ్గా రావడం లేదు" అని ఆయన ఎప్పుడూ అనలేదు. ఓ రోజు నోట్‌బుక్ తెచ్చిచ్చారు. నలభై రోజుల లెక్క: తేదీ, నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎన్నింటికి ఆగాయి. వారానికి మూడు రోజులు, అదీ ఒకే ఫిట్టర్ డ్యూటీలో ఉన్న రోజుల్లో, పై వీధి వాల్వు ఆలస్యంగా కట్టడంతో మాస్టారి వీధికి వచ్చేసరికి సన్నటి ధార మిగిలేది. దాన్నే పై ఇళ్లవాళ్లు మోటార్లు పెట్టి లాగేసేవారు. ఆ నోట్‌బుక్ జిరాక్సు అజెండాకు జత చేయించాను. సభలో ఎవరూ కాదనలేకపోయారు, కాదంటే ఏ తేదీ తప్పో చెప్పాలి మరి. వాల్వు కట్టే టైము మార్చారు, మోటార్లు కొన్ని పీకారు.

నోట్‌బుక్ తిరిగిస్తే మాస్టారు అందులోనే మళ్లీ రాయడం మొదలుపెట్టారు. ఈసారి బిందె నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతోందో ఇంకో గడి గీశారు.