కడబంతిలో కూర్చున్నవాళ్లు

హైదరాబాద్

ప్రియమైన పిల్లలూ,

ప్రభువు పేరిట వందనాలు. పోయిన ఆదివారం సండేస్కూలు అయ్యాక మీలో ఒకరు అడిగారు, "తాతయ్యా, మొదటి సంఘంలో గొడవలే ఉండేవి కావా?" అని. ఇంతలో ఆరాధన గంట కొట్టారు. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఉండేవి. అదీ అన్నం దగ్గరే.

బైబిల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో విశ్వాసులు ఉన్నది అమ్మి పంచుకున్నారు, ఇంటింట రొట్టె విరిచారు. మనం ఆ మాట దగ్గరే మురిసిపోయి ఆగిపోతాం. ఆరో అధ్యాయం తీయండి. యెరూషలేములో విధవరాండ్రకు రోజూ భోజనం పంచేవారు. హెబ్రీయుల, అంటే అక్కడి భాష మాట్లాడే యూదుల, విధవలకు అందుతోంది, గ్రీకు మాట్లాడే యూదుల విధవలకు అందడం లేదు. వాళ్లలో చాలామందివి బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. భర్త పోతే పుట్టిల్లు ఎక్కడో సముద్రం అవతల. భాష వేరు, యాస వేరు. పట్టించుకునేవాళ్లు లేరు. ఆ వైపువాళ్లు సణిగారు.

అపొస్తలులు, అంటే యేసు పంపిన శిష్యులు, ఆ సణుగుడును అణచలేదు. "సంఘం పరువు తీస్తారా" అని కసురుకోలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఆ పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! అన్యాయం జరిగిందన్న వైపు మనుషుల చేతికే పంపకం అప్పగించారని నా నమ్మకం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. కడబంతిలో ఉన్నవాళ్లకు సంఘం ఒక 'మనవాణ్ణి' ఇచ్చింది.

వడ్డన చిన్న పని అనుకోకండి. దానికి వాళ్లు వెతికింది మంచిపేరు గలవాళ్లను, ఆత్మతోను జ్ఞానముతోను నిండినవాళ్లను. ప్రార్థన చేసి వాళ్ల మీద చేతులుంచారు. క్రీస్తు కోసం మొట్టమొదట ప్రాణమిచ్చిన స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు.

ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. కొన్నేళ్ల క్రితం ఒక క్రిస్మస్ ప్రేమ విందులో చికెన్ గరిటె నా చేతిలో ఉంది. అపార్ట్‌మెంట్లు కట్టే పనికి ఒడిశా నుంచి వచ్చిన నాలుగు కుటుంబాలు ఆ ఏడాది మన మధ్య ఆరాధించేవి. తెలుగు పాట మాటలు రాకపోయినా రాగం అందుకునేవారు. కమిటీవాళ్లకు, తెలిసినవాళ్లకు, మళ్లీ అడిగినవాళ్లకు వేస్తూ పోయాను. షామియానా చివర నిలబడ్డవాళ్ల వంతు వచ్చేసరికి బేసిన్‌లో గరిటె గీసుకుంటోంది. ఒక చిన్న పాప ప్లేటులో ఉత్త బగారా అన్నం. ఆ పాప ప్లేటు వెనక్కి తీసుకోలేదు, అలాగే చాచి నిలబడింది. వాళ్ల అమ్మ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లింది.

తర్వాత వాళ్లలో ఒకాయన అయ్యగారితో బాధ చెప్పుకున్నాడని తెలిసి నాకు కోపం వచ్చింది. ఒక్క పూట కూరకు ఇంత రాద్ధాంతమా అన్నాను. ఆ మాటకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. కొరింథు పట్టణపు సంఘ విందులోనూ ముందు వచ్చినవాళ్లు తినేస్తే వెనక వచ్చినవాళ్లు ఆకలితో ఉండేవారు. ఒకని కొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి అని పౌలు రాసింది నాలాంటివాళ్లకే.

రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు సుమారు క్రీ.శ. 155లో తమ ఆదివార ఆరాధన ఎలా జరిగేదో రాశాడు. రాలేకపోయినవాళ్లకు పరిచారకులు రొట్టె, ద్రాక్షారసం ఇంటికే తీసుకెళ్లేవారట. కానుకలు అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు, పరదేశులకు వెళ్లేవట. మనం ఆదివారం డ్యూటీలో ఉన్న వాచ్‌మన్ అన్నను తలుచుకుంటున్నామా?

మరుసటి ఏడాది అయ్యగారు చికెన్ గరిటె ఆ పాప వాళ్ల అమ్మకు ఇచ్చారు. ఆమె ముందు పిల్లలను కూర్చోబెట్టింది, ఆ తర్వాత గేటు దగ్గరివాళ్లను పిలిచింది. చివరికి బేసిన్ పట్టుకుని నా దగ్గరకు వచ్చి, వచ్చీరాని తెలుగులో "అన్నా, తిన్నారా?" అని అడిగింది. అందులో ఇంకా కూర ఉంది.

మీ సండేస్కూలు తాతయ్య