సైటేషన్ లెక్కకు అందని జావ్ యువాన్‌రెన్

చైనా భాషాశాస్త్రవేత్త ఒకరి పరిశోధనకు ఎంత ప్రభావం ఉంది, ఆయన ఎవరెవరితో కలిసి పనిచేశారు అన్న ప్రశ్నలకు విశ్వవిద్యాలయాలు ఇప్పుడు డేటాబేస్‌లలో జవాబు వెతుకుతున్నాయి. ఒక రచనను ఇతరులు తమ రచనల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారో (దీన్నే సైటేషన్ అంటారు) అక్కడ లెక్కిస్తారు. అయితే ఆ కొలతలు భాషాశాస్త్రం కోసం పుట్టినవి కావు. 1964లో అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ప్రకృతి శాస్త్రాల పత్రికలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఒక పరిశోధకుడి వ్యాసాల సంఖ్యను, వాటికి వచ్చిన సైటేషన్లను కలిపి ఒకే అంకెగా చెప్పే హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. చైనాలో 1980ల చివర నాన్‌జింగ్ విశ్వవిద్యాలయం సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను అధ్యాపకుల పని మదింపుకు వాడటం మొదలుపెట్టగా, మిగతా విశ్వవిద్యాలయాలు అదే దారి పట్టాయి. వ్యాసం అచ్చయితే నగదు బహుమతి ఇచ్చే పద్ధతి కూడా వ్యాపించింది. చైనా భాషలో రాసే సామాజిక, మానవీయ శాస్త్రాల వారికి ఆ ఇండెక్స్‌లో చోటు దాదాపు లేనందున, 1990ల చివర నాన్‌జింగ్ విశ్వవిద్యాలయమే వారికోసం వేరే సైటేషన్ సూచీని నిర్మించింది.

ఈ కొలతలు ఎక్కడ తప్పుతాయో చైనా భాషాశాస్త్రవేత్త జావ్ యువాన్‌రెన్ (1892-1982) ఉదాహరణ చూస్తే బోధపడుతుంది. మనిషి గొంతు శ్రుతిని అడుగున 1 నుంచి పైన 5 వరకు ఐదు మెట్లుగా విభజించి, పదం పలికేటప్పుడు ఆ శ్రుతి ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు పోతుందో గుర్తించే పద్ధతిని ఆయన 1930లో ప్రకటించారు. బీజింగ్ ఉచ్చారణలో ‘మా’ 55 అయితే అమ్మ, 35 అయితే జనుము, 214 అయితే గుర్రం, 51 అయితే తిట్టు. 1989లో అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం తన లిపిలో ఈ గుర్తులను చేర్చుకుంది. ఆసియా, ఆఫ్రికా భాషల గురించి ఈ గుర్తులతో రాసేవారు ఆయన వ్యాసాన్ని పేర్కొనవలసిన అవసరమే లేదు. అంతగా అందరిదీ అయిపోయిన పనికి సైటేషన్లు రావు, వచ్చినవి దాని విలువ చెప్పవు.

సహకారాల సంగతి ఇంకా క్లిష్టమైనది. స్వీడన్ పండితుడు బెర్న్‌హార్డ్ కార్ల్‌గ్రెన్ ప్రాచీన చైనా ధ్వనుల మీద ఫ్రెంచిలో రాసిన బృహద్గ్రంథాన్ని జావ్, లీ ఫాంగ్-గ్వే, లువో చాంగ్‌పెయ్ కలిసి అనువదించి, మూలంలోని పొరపాట్లను సవరిస్తూ 1940లో ప్రచురించారు. ఒక తరం పరిశోధకులు చదువుకున్నది ఆ చైనా ప్రతినే. అయినా గ్రంథకర్త కార్ల్‌గ్రెన్ కనుక సైటేషన్ ఆయన ఖాతాకే చేరుతుంది. 1936లో చైనాలోని హూబెయ్ ప్రాంతపు మాండలికాలను సర్వే చేసి 1948లో వెలువరించిన నివేదికపై జావ్‌తో కలిపి ఐదుగురి పేర్లున్నాయి. పదాలను పలికి వినిపించిన ఊరివాళ్లు మాత్రం సహరచయితల జాబితాలో ఉండరు. భాషాశాస్త్రంలో అసలైన సహకారం వాళ్లదే అని నా నమ్మకం.

దీనికి పేర్ల చిక్కు తోడవుతుంది. జావ్ పేరు ఆంగ్ల పుస్తకాలపై ఒక వర్ణక్రమంలో, చైనా మాటలను రోమన్ అక్షరాల్లో రాసే ఇప్పటి పద్ధతి పిన్యిన్‌లో మరో వర్ణక్రమంలో, చైనా పుస్తకాలపై చైనా లిపిలో ఉంటుంది. ఎవరైనా జాగ్రత్తగా కలపకపోతే యంత్రం ఒకే మనిషిని ముగ్గురిగా లెక్కిస్తుంది. ఒక్కో పరిశోధకుడికి ఒక్కో గుర్తింపు సంఖ్య ఇచ్చే, 2012లో మొదలైన ఆర్కిడ్ సంఖ్యలు నేటి పరిశోధకులకు కొంత ఊరటే కానీ, పాతతరం వారికి వాటివల్ల ఒరిగేది లేదు.

2020 ఫిబ్రవరిలో చైనా విద్యా, శాస్త్ర సాంకేతిక మంత్రిత్వ శాఖలు సైన్స్ సైటేషన్ ఇండెక్స్ లెక్కలపై అతిగా ఆధారపడవద్దని మార్గదర్శకాలిచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో విద్యాశాఖ మానవీయ శాస్త్రాలకు కూడా అటువంటి ఆదేశమే జారీచేసింది. వ్యాసాల సంఖ్యకు బదులు, పరిశోధకుడు తన పనికి ప్రతినిధిగా ఎంచుకున్న కొద్ది రచనలను తోటివారు చదివి తీర్పు చెప్పాలన్నది వీటి ఆశయం. అలా చదవాలంటే సంఖ్యను చూసినంత సేపు చాలదు. పరిశోధనకు తీసుకున్న మాండలికాల గురించి తెలిసినవారు మదింపు సంఘంలో ఉండాలి, వారికి తగినంత సమయమూ ఇవ్వాలి.